జ్వరం ఎన్నో రోజు? పిల్లల్లో టైఫాయిడ్‌ను గుర్తించడం, ఇంట్లో చూసుకోవడం ఎలా

కర్నూలులో పిల్లల వార్డులో పనిచేసిన ఏళ్లలో నేను లెక్కలేనన్నిసార్లు అడిగిన ప్రశ్న ఒకటుంది: “జ్వరం ఎన్నో రోజు?” “నాలుగైదు దినాలయింటాది సిస్టరమ్మా” అని అవ్వ అంటుంది. “కాదు, ఆదివారం ఊరి నుంచి వచ్చినప్పటి నుంచే ఒళ్లు కాలుతోంది” అని తల్లి అంటుంది. తండ్రి మందుల షాపుకు ఫోనులో డబ్బు పంపిన తేదీ వెతుకుతుంటాడు. ముగ్గురి లెక్కలకూ మధ్య మూడు రోజుల తేడా తేలుతుంది. మామూలు జలుబు జ్వరమైతే ఆ తేడాను పట్టించుకోనక్కరలేదు. టైఫాయిడ్‌లో మాత్రం ఏ రక్తపరీక్ష చేస్తే ఫలితం నమ్మదగ్గదో, ఏ లక్షణం కోసం వెతకాలో, ఏ వారంలో కంటికి రెప్పలా కాపాడుకోవాలో అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. అందువల్ల మీరు చేయవలసిన పనులను జ్వరం రోజుల వరుసలోనే చెబుతాను.

మొదటి రోజు: క్యాలెండరు మీద రాయడం మొదలుపెట్టండి

ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటరు ఉంచుకోండి. మందుల షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. నుదుటి మీద చెయ్యి పెట్టి “కాలుతోంది” అనుకోవడంతో సరిపెట్టకుండా, చంక తడి లేకుండా తుడిచి, థర్మామీటరు కొనను చంక మధ్యలో ఉంచి, చేతిని ఒంటికి ఆనించి పట్టుకొని, అది కూత పెట్టే దాకా ఆగండి. ఉదయం నిద్ర లేచాక ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళకు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసి, గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే రాయండి. జ్వరం మందు ఏ వేళకు పోశారో కూడా పక్కనే రాయండి, ఎందుకంటే మందు పోసిన గంటకు చూసిన జ్వరం, మందు ప్రభావం పోయాక చూసిన జ్వరం ఒకటి కావు.

ఆ కాగితం విలువ నాకు తెలిసింది కోసిగి వైపు నుంచి వచ్చిన ఒక తల్లి వల్ల. మిరపకాయల కోతకు గుంటూరు జిల్లాకు వలసపోయి, అక్కడ ఆరేళ్ల కొడుక్కి జ్వరం తగలడంతో పని మధ్యలో వదిలేసి తిరిగొచ్చిన మనిషి. నాలుగు మడతలు పెట్టిన క్యాలెండరు కాగితం ఒకటి ఆమె నా చేతికిచ్చింది. దాని మీద పెన్సిలుతో, తిథి నక్షత్రాల సందుల్లో ఇరికించి, “పొద్దున 99, రాత్రి 100.6” అని మొదటి గడిలో, “పొద్దున 100, రాత్రి 101.8” అని రెండో గడిలో, మూడో గడిలో 102.4 అని, నాలుగో గడిలో 103 అని రాసి ఉంది. డాక్టరు పిల్లవాడి మీద చెయ్యి వేయకముందే ఆ కాగితాన్ని పై నుంచి కింది దాకా చదివి, వెంటనే కల్చరుకు, అంటే రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్షకు, రక్తం తీయించారు. మూడో రోజు ఫలితం టైఫాయిడ్ అనే వచ్చింది. అయిదో తరగతితో బడి మానేసిన ఆ తల్లి రాసినంత చక్కని నివేదిక నేను మళ్లీ ఎక్కువసార్లు చూడలేదు.

ఆమె రాసిన అంకెల్లోనే ఈ జబ్బు నడక ఉంది. టైఫాయిడ్ జ్వరం సాధారణంగా ఒక్కసారిగా విరుచుకుపడదు. మొదటి వారంలో మెట్లు ఎక్కినట్టుగా రోజురోజుకూ కొంచెం పెరుగుతూ, పొద్దున కాస్త తగ్గి సాయంత్రానికి మళ్లీ ఎక్కుతూ, వైద్యం అందకపోతే రెండో వారానికి 103, 104 డిగ్రీల దగ్గర తిష్ఠ వేసి కూర్చుంటుంది. అయితే చిన్నపిల్లల్లో ఈ మెట్ల వరుస ప్రతిసారీ ఇంత స్పష్టంగా ఉండకపోవచ్చు, కొందరికి మొదటి రెండు రోజుల్లోనే బాగా పెరిగిపోతుంది. మధ్యలో ఎవరో ఒక యాంటీబయాటిక్ నాలుగు డోసులు వేసి ఆపేసినా ఆ నడక చెదిరిపోతుంది.

జ్వరం తగ్గించడానికి పారాసిటమాల్ చాలు. పిల్లల బరువులో కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన, డోసుకూ డోసుకూ మధ్య నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు డోసులు మించకుండా ఇవ్వాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. సీసా మీద 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములని ఉండే సిరప్ ఒకటి, 250 మిల్లీగ్రాములని ఉండే సిరప్ ఇంకొకటి. 12 కిలోల పాపకు 180 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే మొదటి సీసాలోదైతే 7.5 మిల్లీలీటర్లు, రెండో సీసాలోదైతే 3.6 మిల్లీలీటర్లు. “ఒక మూత పోయమన్నారు” అని పోస్తే సగం మందో, రెట్టింపు మందో పడుతుంది. కాబట్టి సీసా మీది అంకె చదివి, సూది లేని సిరంజితో కొలిచి పోయండి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకండి. జ్వరం డెంగ్యూ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్ జోలికీ పోకండి. ఒళ్లు తుడవాలంటే గోరువెచ్చని నీళ్లతో తుడవండి, చన్నీళ్లు వద్దు.

మూడు నెలలు నిండని పసిబిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే, ఈ రాతకోతలేవీ పెట్టుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మూడో రోజు: ఇవి ఉన్నాయేమో చూడండి

వైరస్ జ్వరాల్లో చాలా భాగం మూడు నాలుగు రోజుల్లో వాటంతటవే దిగిపోతాయి. మూడు రోజులు నిండినా దిగకుండా, పైగా సాయంత్రాలు ఇంకొంచెం ఎక్కుతుంటే, ముక్కు కారడం వంటి కారణమేదీ కనిపించకపోతే, పిల్లల డాక్టరుకు చూపించవలసిన సమయం వచ్చినట్టే. బయలుదేరే ముందు పగటి వెలుతురులో బిడ్డను ఒకసారి నిదానంగా పరిశీలించండి.

మొదట నాలుక చూడండి. కిటికీ దగ్గర కూర్చోబెట్టి నాలుక బయటికి పెట్టించండి. మధ్యలో తెల్లగా, మందంగా, పెరుగు ఆరిపోయినట్టు పూత ఉండి, అంచులూ కొసా మాత్రం ఎర్రగా, శుభ్రంగా కనిపిస్తే అది టైఫాయిడ్‌ను గుర్తుచేసే నాలుక. పాలు తాగిన వెంటనే చూస్తే ఎవరి నాలుకైనా తెల్లగానే ఉంటుంది కాబట్టి నీళ్లతో పుక్కిలింపజేసి చూడండి.

తర్వాత పొట్ట. ఈ క్రిమి, సాల్మొనెల్లా టైఫీ, కలుషితమైన నీళ్లతోనో తిండితోనో కడుపులోకి పోయి, చిన్నపేగు గోడ దాటి రక్తంలో చేరుతుంది. కాలేయంలో, ప్లీహంలో, ఎముక మూలుగలో, పేగుల్లోని లింఫు కణుపుల్లో స్థిరపడి పెరుగుతుంది. ఒంట్లో పడిన నాటి నుంచి జ్వరం బయటపడడానికి సాధారణంగా వారం నుంచి రెండు వారాలు, ఒక్కోసారి నెల దాకా పట్టవచ్చు. అందుకే నిన్న తిన్న పానీపూరీని నిందించి లాభం లేదు, అంతకు ముందు వారాల్లో ఎక్కడెక్కడ నీళ్లు తాగారో గుర్తు చేసుకోవాలి. కాలేయం, ప్లీహం వాచడం వల్ల డాక్టరు పక్కటెముకల కింద వేళ్లతో నొక్కి చూసినప్పుడు అవి చేతికి తగులుతాయి. మీకు ఇంట్లో తెలిసేది మాత్రం పొట్ట ఉబ్బరంగా ఉండడం, ముట్టుకుంటే బిడ్డ ముఖం చిట్లించడం, అన్నం ముద్ద చూడగానే తల తిప్పుకోవడం. అయిదేళ్ల లోపు పిల్లల్లో విరేచనాలు ఎక్కువగా కనిపిస్తాయి, పెద్దపిల్లల్లో మలబద్ధకం కూడా ఉండవచ్చు. విరేచనాలు లేవు కాబట్టి ఇది టైఫాయిడ్ కాదు అని తీర్మానించకండి.

ముఖ కవళికలు కూడా చాలా చెబుతాయి. వైరస్ జ్వరం వచ్చిన పిల్ల మందు పోసి జ్వరం దిగిన గంటకు లేచి ఆటకు దిగుతుంది. టైఫాయిడ్ పిల్ల అలా కాదు, జ్వరం తగ్గిన ఘడియలోనూ నీరసంగా, మందకొడిగా, పలకరిస్తే ఆలస్యంగా బదులిస్తూ పడుకొనే ఉంటుంది. బడికి పోయే వయసు పిల్లలైతే తలనొప్పి అని చెబుతారు. పొడిదగ్గు కొందరికి ఉంటుంది, దాన్ని చూసి ఊపిరితిత్తుల జబ్బు అనుకొని దారి తప్పినవాళ్లు ఉన్నారు. ఛాతీ మీద, పొట్ట మీద మొదటి వారం చివర చిన్న గులాబీ రంగు మచ్చలు వస్తాయని వైద్య గ్రంథాలు చెబుతాయి గాని, మన చామనఛాయ ఒంటి మీద అవి కనబడడం అరుదు. అవి లేవని నిశ్చింతగా ఉండడం సరికాదు. ఏడాది రెండేళ్ల పిల్లల్లోనైతే ఈ లక్షణాలేవీ విడిగా తెలియకుండా, ఉత్త జ్వరం, విరేచనాలు, చిరాకు మాత్రమే ఉండి, ఒక్కోసారి జ్వరంతో ఫిట్స్ కూడా రావచ్చు.

చివరగా బట్టలన్నీ తీసి ఒళ్లంతా చూడండి. చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనుక, తల వెంట్రుకల సందుల్లో బీడీతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఏదైనా ఉంటే డాక్టరుకు తప్పకుండా చూపించండి. అది స్క్రబ్ టైఫస్ అనే వేరొక జ్వరానికి గుర్తు. దాని మందు వేరు, పేరు దగ్గరగా ఉందని రెండూ ఒకటే అనుకోకూడదు. చలితో వణికించి చెమటపట్టి దిగే జ్వరమైతే మలేరియాకూ, కళ్ల వెనుక నొప్పి, ఒళ్లంతా నొప్పులతో ముఖం ఎర్రబడితే డెంగ్యూకూ పరీక్ష అవసరమవుతుంది. రాయలసీమలో వానాకాలం చివర ఇవన్నీ ఒకే వీధిలో ఉంటాయి. ఏదో తేల్చడం మీ పని కాదు, చూసింది చూసినట్టు చెప్పడమే మీ పని.

యాంటీబయాటిక్ మొదలుకాకముందే: రక్తం కల్చరు అడగండి

నా మట్టుకు ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన ఊళ్లలో జ్వరం వచ్చిన రెండో రోజుకే విడాల్ పరీక్ష చేయించుకొని, “టైఫాయిడ్ పాజిటివ్” అన్న చీటీ పట్టుకొని వచ్చేవాళ్లు చాలామంది. విడాల్ అనేది 1896 నాటి పరీక్ష. అది క్రిమిని వెతకదు, క్రిమికి ఎదురుగా మన ఒళ్లు తయారుచేసుకొన్న ప్రతిరక్షకాలను వెతుకుతుంది. ఆ ప్రతిరక్షకాలు చాలినంతగా తయారు కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి రెండో రోజు చేసిన విడాల్ నెగెటివ్ వస్తే టైఫాయిడ్ లేదని కాదు, పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఉందని కూడా కాదు. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్లా, మలేరియా వంటి వేరే జ్వరాల వల్లా అది పాజిటివ్ చూపవచ్చు. చీటీలో “ఓ”, “హెచ్” అక్షరాల పక్కన 1:80, 1:160 అని ఉండే అంకెలను ఒంటరిగా చదివి వైద్యం మొదలుపెట్టడం వల్ల అసలు జబ్బు వేరే ఉండి ముదిరిపోయిన పిల్లలను నేను చూశాను. వేలిని గుచ్చి పావుగంటలో చేసే కార్డు పరీక్షలకూ ఇటువంటి పరిమితులే ఉన్నాయి.

నమ్మదగ్గది రక్తం కల్చరు. చర్మాన్ని స్పిరిటుతో బాగా శుభ్రపరచి తీసిన రక్తాన్ని ప్రత్యేకమైన సీసాలో పోసి, వెచ్చగా ఉంచి, అందులో క్రిమి పెరుగుతుందేమో చూస్తారు. ఫలితం రావడానికి సాధారణంగా రెండు నుంచి అయిదు రోజులు పడుతుంది. జ్వరం మొదటి వారంలో క్రిమి రక్తంలో ఎక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడే ఈ పరీక్షకు అనువైన సమయం. యాంటీబయాటిక్ ఒక్క రోజు పడినా దొరికే అవకాశం తగ్గిపోతుంది. ఇది కూడా సర్వసమర్థమైన పరీక్షేమీ కాదు, నిజంగా టైఫాయిడ్ ఉన్న పిల్లల్లో సుమారు సగం మందిలోనే క్రిమి పట్టుబడుతుంది. అయినా దొరికిన చోట అది రెండు పనులు చేసిపెడుతుంది: జబ్బు ఇదేనని తేల్చడం, ఏ మందుకు ఈ క్రిమి లొంగుతుందో చెప్పడం. ఒకప్పుడు బాగా పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్‌కు మన దేశంలోని టైఫాయిడ్ క్రిమి చాలావరకు లొంగకుండా పోయింది కాబట్టి, ఆ రెండో ప్రయోజనం రానురాను పెద్దదవుతోంది.

కాబట్టి డాక్టరు గదిలో “సార్, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చరు పంపవచ్చా?” అని మర్యాదగా అడగండి. అలా అడగడం తప్పు కాదు. చిన్న ఊళ్లో ఆ సౌకర్యం లేకపోతే కర్నూలు సర్వజన ఆసుపత్రికో, అనంతపురం, కడప పట్టణాల్లోని వైద్య కళాశాల ఆసుపత్రులకో పంపమని కోరండి. ఈలోగా ఎవరైనా ఇచ్చిన మాత్రల ఖాళీ అట్టలు, సిరప్ సీసాలు, ఇంజెక్షన్ చీటీలు పారేయకుండా ఒక సంచిలో వేసి వెంట తీసుకుపోండి. జ్వరం వెంటనే దించుతామని స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసే చోట మాత్రం ఒప్పుకోకండి. అది జ్వరాన్నీ పొట్టనొప్పినీ కప్పిపెట్టి, లోపల జరిగేది తెలియకుండా చేస్తుంది.

మామూలు రక్తపరీక్షలో తెల్లకణాలు మామూలుగానో తక్కువగానో ఉండవచ్చు, ప్లేట్‌లెట్లు కూడా కొంత తగ్గవచ్చు. ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే డెంగ్యూ అని హడలిపోయి బొప్పాయి ఆకుల కోసం పరుగెత్తవద్దు.

మందు మొదలైన రోజు నుంచి: రెండో లెక్క

క్యాలెండరులో ఇప్పుడు రెండో లెక్క మొదలవుతుంది. మందు మొదలైన తేదీ చుట్టూ గుండ్రంగా గీయండి. ఎందుకంటే సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం మరుసటి రోజే దిగదు. నాలుగు నుంచి ఆరు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. రెండో రోజుకే “ఈ డాక్టరు మందు పనిచేయడం లేదు” అని ఇంకో ఆసుపత్రికి, అక్కడి నుంచి మరో ఆసుపత్రికి మార్చడం వల్ల పిల్లవాడికి మూడు రకాల యాంటీబయాటిక్‌లు సగం సగం పడతాయి. జ్వరం పైపైకి పోకుండా, సాయంత్రపు అంకె రోజుకు కొంచెం కిందికి వస్తుంటే ఓపిక పట్టండి. వారం దాటినా దిగకపోతే అదే డాక్టరు దగ్గరికి కాగితంతో వెళ్లండి.

ఇంట్లో వాడే మాత్రల్లో సెఫిక్సిమ్ అయితే సాధారణంగా రెండు వారాలు, అజిత్రోమైసిన్ అయితే వారం పాటు రాస్తారు. వాంతులు అవుతూ మందు నిలవని పిల్లలకూ, నీరసించిపోయినవాళ్లకూ ఆసుపత్రిలో సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ నరానికి ఇస్తారు. మోతాదు బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. మీరు చేయవలసింది ఒకటే: జ్వరం దిగి, పిల్లవాడు వీధిలోకి పరుగెత్తినా సరే, రాసిన చివరి రోజు దాకా చివరి డోసు దాకా వేయడం. మందు పోసిన ప్రతిసారీ ఆ గడిలో ఒక టిక్కు పెట్టండి. పోసిన అరగంటలోపే కక్కేస్తే మళ్లీ పోయాలో లేదో డాక్టరును ఫోనులో అడగండి.

తిండి విషయంలో పెద్దవాళ్లతో కొంచెం గట్టిగా మాట్లాడవలసి వస్తుంది. “లంఖణం పరమౌషధం” అన్న మాట మన ఇళ్లలో బలంగా పాతుకుపోయింది. అవ్వల మీద నాకు గౌరవమే గాని, టైఫాయిడ్ పిల్లల విషయంలో ఆ మాట వినవద్దు. మూడు వారాలు ఒంట్లో జ్వరం మండుతుంటే కండ కరిగిపోతుంది, దానికి తోడు పస్తు పెడితే బిడ్డ కోలుకోవడానికి నెలలు పడుతుంది. రెండు గంటలకొకసారి కొంచెం కొంచెంగా పెట్టండి. పలచగా కాచిన రాగి జావలో మజ్జిగ, చిటికెడు ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. మెత్తగా ఉడికిన అన్నంలో పప్పుకట్టు, పెరుగన్నం, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, మగ్గిన అరటిపండు మంచివి. పాలు తాగే బిడ్డకు తల్లిపాలు ఎప్పటిలాగే ఇవ్వాలి. ఊరిమిండి పచ్చడి, ఎర్రకారం, నూనెలో వేయించిన బజ్జీలు, పచ్చి ఉల్లిపాయలు కొన్ని వారాలు పక్కన పెట్టండి. విరేచనాలు ఉంటే లీటరు నీళ్లకని రాసి ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలిపి, చెంచాతో తాగించండి. సగం పొడి, అర గ్లాసు నీళ్లు అని అంచనాతో కలపడం వల్ల ఉప్పు ఎక్కువై హాని జరుగుతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

రెండో, మూడో వారం: కాపలా

టైఫాయిడ్‌లో భయపడవలసిన ఘట్టం జ్వరం బాగా ఎక్కిన మొదటి వారం కాదు. వైద్యం ఆలస్యమైన పిల్లల్లో రెండో వారం చివర, మూడో వారంలో, చిన్నపేగు చివరిభాగంలోని పుండ్లు లోతుగా పోయి రక్తం కారవచ్చు, పేగుకు రంధ్రం పడవచ్చు. అప్పుడు జరిగేది చూడండి: రెండు వారాలుగా 103 దగ్గర ఉన్న జ్వరం హఠాత్తుగా 97కు పడిపోతుంది. ఇంట్లో వాళ్లు “అమ్మయ్య, దిగింది” అనుకొంటారు. కాని బిడ్డ నుదుటి మీద చల్లటి చెమట, పాలిపోయిన పెదవులు, చల్లబడ్డ కాళ్లు చేతులు, వేగంగా కొట్టుకొనే నాడి ఉంటాయి. మెల్లగా, రోజుకు కొంచెంగా దిగే జ్వరం కోలుకోవడానికి గుర్తు. ఒక్క పూటలో కూలిపోయి బిడ్డను వాడిపోయేలా చేసే జ్వరం అపాయానికి గుర్తు.

అందుచేత కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా, రాత్రి ఎంత పొద్దుపోయినా, తెల్లవారనిద్దామని ఆగకుండా 108కి ఫోను చేయండి లేదా దగ్గరి పెద్దాసుపత్రికి బయలుదేరండి: పొట్ట గట్టిపడి ఉబ్బి, ముట్టుకోనివ్వనంత నొప్పి, మలం తారులా నల్లగా రావడం లేదా నెత్తురు పడడం, ఫిట్స్, సంబంధం లేని మాటలు, లేపినా సరిగా లేవకపోవడం, నీళ్లు కూడా నిలవని వాంతులు, ఆరు నుంచి ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, ఎగఊపిరి, కళ్లు పచ్చబడడం. బయలుదేరేటప్పుడు నోటితో ఏమీ తినిపించకండి, ఎందుకంటే పేగుకు రంధ్రం పడి ఉంటే ఆపరేషన్ అవసరం కావచ్చు. పొట్టనొప్పి అని వేడి కాపడం పెట్టడం, ఎనీమా ఇవ్వడం వంటివి ఈ వారాల్లో అసలే వద్దు.

ఇంట్లో మిగిలిన పిల్లల కోసం

ఈ క్రిమికి మనిషి తప్ప వేరే ఆశ్రయం లేదు. ఒకరి మలం నుంచి ఇంకొకరి నోటికి చేరడమే దాని ప్రయాణం. కాబట్టి జబ్బుపడ్డ బిడ్డ మలం మరుగుదొడ్డిలోనే పోయాలి, డైపరును పెరట్లోనో కాలువలోనో పడేయకూడదు. బిడ్డను కడిగిన చేతులు సబ్బుతో తోముకోవాలి, ఆ తర్వాతే వంటింట్లోకి పోవాలి. కోలుకొన్న వాళ్లలో కొద్దిమంది ఏ లక్షణమూ లేకుండానే నెలల తరబడి మలంలో క్రిమిని వదులుతుంటారు. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి అలా తనకు తెలియకుండానే పలు ఇళ్లకు జబ్బు అంటించిందని 1907లో బయటపడింది. ఇంట్లో వండేవాళ్లకు ఇటీవల టైఫాయిడ్ వచ్చి ఉంటే వాళ్ల మలం పరీక్ష గురించి కూడా డాక్టరును అడగండి.

ఇక నీళ్లు. కర్నూలుకు తుంగభద్ర నీళ్లు వస్తాయి, అనంతపురానికి ఎంతో దూరం నుంచి పైపుల్లో వస్తాయి, కడపకు పెన్న దిక్కు. ఎక్కడి నీళ్లయినా శుద్ధిచేసే చోట బాగానే ఉండి, వీధి చివరికి వచ్చేసరికి చెడిపోవచ్చు. కుళాయి రోజులో కొద్దిసేపే వచ్చే ఊళ్లలో, నీళ్లు ఆగిన గంటల్లో పైపు ఖాళీగా ఉండి, పగుళ్లలోంచి పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకొంటుంది. కుళాయికి మోటారు బిగించి లాగితే ఆ పీల్పు ఇంకా ఎక్కువవుతుంది. అందుకే నీళ్లు వచ్చిన మొదటి కొన్ని నిమిషాలు తాగడానికి పట్టకుండా బట్టలకూ బోకులకూ వాడుకోండి. తర్వాత పట్టినవి బుడగలు వచ్చి తెర్లేదాకా కాచి, మూత పెట్టి చల్లార్చండి. కాచిన నీళ్లలో చెయ్యి ముంచి గ్లాసుతో తీస్తే కాచిన శ్రమ వృథా, పొడుగు కాడ గరిటెతోనో, కింద ట్యాపు ఉన్న బిందెతోనో తీసుకోండి. కాచే వీలు లేని వలస చోట్ల ఆశా కార్యకర్తను క్లోరిన్ మాత్రలు అడిగి, అట్ట మీద రాసినంత వేసి, అరగంట ఆగి తాగండి. ఎండాకాలంలో బండ్ల మీద అమ్మే నన్నారి షర్బత్ మంచిదే గాని, అందులో వేసే ఐసు ఏ నీళ్లతో చేశారో మనకు తెలియదు. గడ్డకట్టినంత మాత్రాన ఈ క్రిమి చావదు. నన్నారి ఇంట్లోనే కలిపి ఇవ్వండి.

టీకా సంగతి చాలామందికి తెలియదు. టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను ఆరు నెలలు నిండిన బిడ్డకు కూడా ఒకే ఒక ఇంజెక్షన్‌గా వేయవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో మొట్టమొదటగా అర్హత గుర్తింపునిచ్చిన ఆ రకం టీకా మన హైదరాబాదులో తయారైనదే. పాతరకం టీకా రెండేళ్ల లోపు పిల్లలకు పనిచేయదు, మూడేళ్లకోసారి మళ్లీ వేయాలి. కాంజుగేట్ టీకా సాధారణంగా పిల్లల డాక్టరు దగ్గర డబ్బు ఇచ్చి వేయించుకోవలసిందే. జబ్బుతో ఉన్న బిడ్డకు అప్పుడే వేయరు, కోలుకొన్న కొన్ని వారాలకు వేస్తారు, ఎందుకంటే ఒకసారి వచ్చింది కదా ఇక రాదు అన్న హామీ ఈ జబ్బుకు లేదు.

జ్వరం దిగిన తర్వాత మూడు వారాలు

జ్వరం పూర్తిగా దిగి రెండు మూడు రోజులైనా, బడికి పంపే ముందు పిల్లవాడు ఒక పూట భోజనం సరిగా తిని, ఇంట్లో తిరిగి, సాయంత్రానికి వాడిపోకుండా ఉన్నాడో లేదో చూడండి. విడాల్ మళ్లీ చేయించి “ఇంకా పాజిటివ్ ఉంది” అని మళ్లీ మందులు మొదలుపెట్టకండి, ప్రతిరక్షకాలు నెలల తరబడి రక్తంలో ఉంటాయి. రెండు మూడు నెలల తర్వాత తల దువ్వేటప్పుడు జుట్టు కుచ్చులుగా ఊడవచ్చు, ఆడపిల్లల తల్లులు దానికి చాలా బాధపడతారు. అది మళ్లీ వస్తుంది.

కాని క్యాలెండరు కాగితాన్ని మాత్రం అప్పుడే చింపేయకండి. కొద్దిమంది పిల్లల్లో, మందంతా సరిగా వాడినా, జ్వరం దిగిన రెండు మూడు వారాలకు టైఫాయిడ్ తిరగబెడుతుంది. అప్పటి దాకా రోజూ సాయంత్రం ఒక్కసారి థర్మామీటరు పెట్టి ఆ గడిలో అంకె రాస్తూ ఉండండి. 100.4 దాటిన రోజున దాని పక్కన మళ్లీ “ఒకటో రోజు” అని రాసి, పాత కాగితం, కొత్త కాగితం రెండూ కలిపి మడిచి, మందుల సంచితో సహా అదే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి.